చిన్నపిల్లలకు ఐక్యూ పరీక్ష: ఎప్పుడు, ఎందుకు?

చిన్నపిల్లల్లో అసాధారణ ప్రతిభ ఉందో లేదో తేల్చడానికి ఎక్కువగా వాడేవి ఐక్యూ పరీక్షలు. వాటిలో బాగా వాడుకలో ఉన్న వెక్స్లర్ పరీక్షల్లో ఒకటి రెండున్నర నుంచి ఏడున్నరేళ్ల దాకా, మరొకటి ఆరు నుంచి పదహారేళ్ల దాకా పనికొస్తుంది. సైకాలజిస్టు ఒక్కో పిల్లతో విడిగా కూర్చుని రంగు దిమ్మలతో నమూనా పేర్పిస్తారు, మాటలకు అర్థాలు అడుగుతారు, బొమ్మల వరుసలో లోపించినదేదో చెప్పమంటారు. ఫలితాన్ని అదే వయసు పిల్లలతో పోల్చి, సగటును 100గా పెట్టి లెక్క కడతారు. 130 దాటేవారు వందలో ఇద్దరు ముగ్గురే. చాలా దేశాల్లో ‘ప్రతిభావంతులు’ అనే గీత అక్కడే గీస్తారు. అది పాలనా సౌకర్యం కోసం గీసుకున్నదే. 129కీ 131కీ మధ్య బుద్ధిలో గోడేమీ లేదు.

ఈ పరీక్షల మూలపురుషుడు ఆల్ఫ్రెడ్ బినే వెతికింది ప్రతిభావంతుల కోసం కాదు. 1905లో పారిస్‌లో ఆయన, తియడోర్ సిమోన్ కలిసి తయారుచేసిన ప్రశ్నలు బడిలో వెనకబడుతున్న పిల్లలను గుర్తించి సాయం చేయడానికి ఉద్దేశించినవి. వాటిని పైకొసకు తిప్పినవాడు అమెరికాలో లూయిస్ టెర్మన్. 1921 నుంచి ఆయన కాలిఫోర్నియాలో సుమారు పదిహేను వందల మంది మేధావి పిల్లలను ఏరి, జీవితాంతం గమనించాడు. వారిలో చాలామంది బాగానే రాణించారు. అయితే ఆ ఎంపికలో నెగ్గని విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

వయసు తగ్గేకొద్దీ ఫలితం నిలకడ కూడా తగ్గుతుంది. నాలుగేళ్ల పిల్లకు ఆ పూట నిద్ర చాలకపోయినా, కొత్త మనిషిని చూసి మాట రాకపోయినా అంకె మారిపోతుంది. ఏడెనిమిదేళ్లకు వచ్చిన స్కోరు ఆ తర్వాత కాస్త నిలబడుతుంది. న్యూయార్క్ నగరం చాలా ఏళ్లు నాలుగేళ్ల పిల్లలకే పరీక్ష పెట్టి ప్రభుత్వ బడుల్లోని ప్రత్యేక తరగతుల్లో సీట్లిచ్చింది. దాంతో ఆ వయసు పిల్లలకు కోచింగ్ సెంటర్లు వెలిశాయి. కోచింగ్ తీసుకున్న పిల్ల స్కోరులో బుద్ధి ఎంత, తర్ఫీదు ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. 2021లో ఆ పరీక్ష ఆగిపోయింది.

దీనికి అవతలి పక్క కూడా ఉంది. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న వడపోత పరీక్ష పెట్టారు. అంతకుముందు టీచర్లో, తల్లిదండ్రులో పేరు చెప్పిన పిల్లలకే అవకాశం దక్కేది. అందరికీ పెట్టేసరికి పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు గణనీయ సంఖ్యలో ప్రతిభావంతులుగా బయటపడ్డారని ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో తేల్చారు. అంటే పరీక్ష దానికదే అన్యాయం కాదు. ఎవరికి పెడుతున్నారన్నది అసలు ప్రశ్న.

మన దగ్గర చిక్కు వేరు. ఇక్కడ స్కోరు తెచ్చుకున్న పిల్ల కోసం ఎదురుచూస్తున్న తరగతి దాదాపు లేదు. పైగా 2009 విద్యాహక్కు చట్టం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలను వడపోసే పరీక్షలు పెట్టకూడదంటుంది. అందుకే పరీక్షకు ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: అంకె తెలిస్తే మారే నిర్ణయమేమిటి? పై తరగతికి పంపడానికి బడి సుముఖంగా ఉండి ఆధారం అడిగితే పరీక్ష అక్కరకొస్తుంది. నోటితో చక్కగా చెప్పే పిల్ల రాతలో తడబడుతుంటే ఇంకా ఎక్కువ అవసరం. చురుకుదనమూ, చదవడం రాయడంలో తడబాటు తెచ్చే డిస్లెక్సియా కూడా ఒకే పిల్లలో ఉన్నప్పుడు ఒకదాని వెనక ఒకటి దాగిపోయి, పైకి సగటు విద్యార్థిలా కనిపించవచ్చు. అలాంటప్పుడు మొత్తం ఐక్యూ కన్నా విభాగాల మధ్య తేడాయే ఎక్కువ చెబుతుంది. నాలుగేళ్లకే చదవడం వచ్చిందన్నది మాత్రమే కారణమైతే పరీక్ష అక్కర్లేదు, పుస్తకాలు చాలు.

ఏ పరీక్ష అన్నదీ ముఖ్యమే. మన క్లినిక్కుల్లో ఇప్పటికీ వాడే బినే-కామత్ పరీక్ష మూలాలు 1930లలో ఉన్నాయి. మాలిన్ పరీక్ష 1969 నాటిది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో సగటు స్కోర్లు దశాబ్దానికి సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరిగాయి. పాత ప్రమాణంతో కొలిస్తే నేటి పిల్లల అంకె ఉబ్బి కనిపించే ప్రమాదం అందువల్లే. భాషదీ అదే తీరు. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లను ఇంగ్లిషులో మాటలకు అర్థాలు అడిగితే కొలిచేది ఇంగ్లిషునే. కొలతలో సహజంగా ఉండే దోషం వల్ల 120 వచ్చిందంటే 114 నుంచి 126 మధ్య ఎక్కడో అని చదువుకోవాలి.

వేలిముద్రలు తీసి పిల్లల మేధస్సు చెబుతామనే డీఎంఐటీ పరీక్షలకు ఇవేవీ వర్తించవు. వాటికి శాస్త్రీయ ఆధారమే లేదు. వేలి గీతలు తల్లి కడుపులోనే, నాలుగైదు నెలల్లో స్థిరపడిపోతాయి; పుట్టాక పెరిగే బుద్ధి గురించి అవేమీ చెప్పవు. అసలైన పరీక్ష చేసేవారికి భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో, వాడే ప్రమాణం ఏ ఏటిదో, విభాగాలవారీ స్కోర్లు రాతపూర్వకంగా ఇస్తారో లేదో ముందే అడగవచ్చు.