లాయర్ మీద కంప్లైంట్ ఇస్తే… ఆఖరి మాట ఎవరిది?

ఫీజు తీసుకున్న లాయర్ ఫోన్ ఎత్తడు. వాట్సాప్‌లో మెసేజ్ చూస్తాడు కానీ జవాబివ్వడు. కేసు ఏమైందో కనుక్కుందామని కోర్టుకెళ్తే, వాయిదాకి ఎవరూ రాలేదని ఎప్పుడో కొట్టేశారని తెలుస్తుంది. ఇలాంటి గోడు మన చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఎవరో ఒకరు చెప్పగా వినే ఉంటాం. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: ‘లాయర్ మీద లాయర్లకే చెప్పుకోవాలి. వాళ్లంతా ఒకటే, మనకేం న్యాయం జరుగుతుంది?’

ఈ మాటలో నిజం సగమే. మొదట వినేది లాయర్లే. కానీ ఆఖరి మాట మాత్రం సుప్రీంకోర్టుది.

ముందు ఎక్కడికెళ్లాలి?

లాయర్ల తప్పుల సంగతి చూసేది 1961 నాటి అడ్వకేట్స్ చట్టం. లాయర్ పేరు ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో ఉంటే కంప్లైంట్ అక్కడే ఇవ్వాలి. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు ఇప్పుడు వేర్వేరు కౌన్సిళ్లున్నాయి. ఫిర్యాదులో విషయం ఉందని కౌన్సిల్ నమ్మితే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. ఆ ముగ్గురూ లాయర్లే. అయినా విచారణ కోర్టులో లాగే నడుస్తుంది. నోటీసులు ఇస్తారు, సాక్ష్యాలు తీసుకుంటారు, రెండు వైపులా వాదనలు వింటారు. చివరికి ఫిర్యాదు కొట్టేయొచ్చు, లాయర్‌ని మందలించొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, లేదా జాబితాలోంచి పేరే తీసేయొచ్చు.

‘కన్జ్యూమర్ కోర్టుకెళ్తే సరిపోదా?’ అంటారేమో. ఆ తలుపు 2024 మే 14న మూసుకుంది. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు ఆ రోజే తేల్చేసింది. నష్టపరిహారం కావాలంటే మామూలు సివిల్ కోర్టుకెళ్లాలి. మోసం జరిగితే పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు. లైసెన్స్ మీద చర్య కావాలంటే మాత్రం బార్ కౌన్సిలే దారి.

తీర్పు నచ్చకపోతే?

రాష్ట్ర కమిటీ తీర్పు మీద ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి అప్పీల్ చేయొచ్చు. అక్కడా నచ్చకపోతే నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చు. ఈ అప్పీళ్ల మెట్లలో హైకోర్టు ఉండదు. ఒక్కో మెట్టుకి గడువు 60 రోజులు. ఆర్డర్ మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క. ఈ హక్కు లాయర్‌కి ఉన్నట్టే ఫిర్యాదు చేసినవాళ్లకీ ఉంది. శిక్షను సుప్రీంకోర్టు తగ్గించొచ్చు, పెంచొచ్చు. పెంచాలంటే మాత్రం లాయర్ చెప్పేది ముందు వినాల్సిందే.

కోర్టు ఏం చేసింది?

తమిళనాడులో చెవులు సరిగా వినపడని ఓ పెద్దాయనను, ఆయన భార్యను ఒక లాయర్ మోసం చేశాడు. రాష్ట్ర కౌన్సిల్ ఆరేళ్లు సస్పెండ్ చేసింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని ఏడాదికి తగ్గించింది. 1970ల చివర్లో కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. కింద రెండు చోట్లా తప్పు జరిగిందని తేల్చారు కాబట్టి ఆ సంగతి జోలికి కోర్టు వెళ్లలేదు. శిక్షను మాత్రం జస్టిస్ కృష్ణయ్యర్ కొత్తగా ఆలోచించారు. బాధితుడికి రూ.2,500 చెల్లించి, ఏడాదిపాటు పేదలకు ఉచిత న్యాయసహాయం చేస్తానని ఒప్పుకుంటే సస్పెన్షన్ త్వరగా ముగుస్తుందన్నారు.

2000లో ఇంకో కేసు. ఫీజు బాకీ ఉందని ఒక లాయర్ బ్యాంకు ఫైళ్లు తిరిగివ్వలేదు. 18 నెలల సస్పెన్షన్ పడింది. సుప్రీంకోర్టు దాన్ని మందలింపుగా మార్చింది. కానీ మనకు పనికొచ్చే మాట ఒకటి గట్టిగా చెప్పింది: ఫీజు గొడవ వేరు, ఫైలు వేరు. క్లయింట్ అడిగితే ఫైలు ఇచ్చేయాల్సిందే.

రెండు కేసుల్లోనూ తప్పు రుజువైంది, శిక్ష తగ్గింది. ఫిర్యాదు చేసినవాళ్లకి ఇది చేదుగా అనిపించొచ్చు. పైకి వెళ్లేకొద్దీ సాధారణంగా చర్చ శిక్ష మీదే ఎక్కువ నడుస్తుంది. అందుకే మీ బలమంతా మొదటి మెట్టులోనే చూపించాలి. ఫీజు రసీదు, యూపీఐ పేమెంట్ వివరాలు, మెసేజ్‌లు, కేసు నంబర్, వకాలత్ కాపీ అన్నీ మొదటి రోజే ఫైల్లో పెట్టండి.

ఉత్తుత్తి కంప్లైంట్లకీ కోర్టు అడ్డం పడుతుంది. ఎదుటి పార్టీ లాయర్ మీద వచ్చిన ఒక ఫిర్యాదును సరిగ్గా ఆలోచించకుండానే కమిటీకి పంపినందుకు 2025 సెప్టెంబర్‌లో మహారాష్ట్ర, గోవా బార్ కౌన్సిల్‌కి సుప్రీంకోర్టు రూ.50,000 ఖర్చులు వేసింది. కేసు ఓడిపోయామన్న కోపం ఒక్కటే ఫిర్యాదుకి కారణం కాకూడదు.

ఏళ్లు గడిచిపోతే?

రాష్ట్ర కమిటీ ఏడాదిలోగా తేల్చకపోతే ఫిర్యాదు ఢిల్లీకి వెళ్లిపోతుందని చట్టం చెబుతోంది. ఏడాదిలో పూర్తిచేయండి, ఊరికే ఢిల్లీకి నెట్టేయకండి అని 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర కౌన్సిళ్లకి గట్టిగా చెప్పింది. ఢిల్లీకి వెళ్లినవాటినీ ఏడాదిలోనే తేల్చాలంది.

కాబట్టి కంప్లైంట్ ఇచ్చిన తేదీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఆర్డర్ వస్తే అందిన తేదీ కూడా. అక్కడి నుంచి 60 రోజులు దాటిపోతే, మీ మాట ఎంత నిజమైనా అప్పీల్ దారి కష్టమైపోతుంది.