నొప్పి తెలియని చేతులు నేర్పిన పాఠం

వార్డులో వైద్యం, ల్యాబ్‌లో పరిశోధన... ఈ రెండూ వేర్వేరు పనులని అనుకుంటాం. వెల్లూరులో మాత్రం రోగి చేతిని బాగుచేస్తూనే ఆ చేతిని చదివారు. సమాజం వెలివేసిన మనుషుల దగ్గర అలా నేర్చుకున్న పాఠమే ఈరోజు కోట్లాదిమంది మధుమేహ రోగుల పాదాలను కాపాడుతోంది.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ‘అబ్బా’ అంటాం. వేడిగిన్నె తగిలితే చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటాం. కొత్త చెప్పులు కరిస్తే నాలుగడుగులు కుంటి, అయిదో అడుగుకి విప్పేస్తాం. ఇవన్నీ మనకి ఎవరూ నేర్పలేదు. నొప్పే చేయిస్తుంది.

మరి ఆ నొప్పే తెలియకపోతే?

ముల్లు దిగినా నడుస్తూనే ఉంటాం. చెయ్యి కాలినా గిన్నె వదలం. బొబ్బ పుండవుతుంది, పుండు ఎముక దాకా వెళుతుంది. చివరికి వేలో, పాదమో పోతుంది. కుష్ఠు రోగులకు జరిగేది సరిగ్గా ఇదే. కానీ డెబ్భై, ఎనభై ఏళ్ల కిందటి వరకూ ఆ సంగతి చాలామంది డాక్టర్లకూ తెలియదు. కుష్ఠు సోకితే వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయనే అనుకునేవారు. కాదని నిరూపించింది తమిళనాడులోని వెల్లూరు.

తెలుగువాళ్లకు వెల్లూరు పరాయి ఊరేం కాదు. పాతతరం వాళ్ల నోట అది రాయవేలూరు. చిత్తూరుకు పక్కనే. పెద్ద జబ్బు చేస్తే కాట్పాడి స్టేషన్‌లో దిగి సీఎంసీ ఆసుపత్రికి వెళ్లడం రాయలసీమ వాసులకు తరతరాలుగా అలవాటు. అమెరికన్ కుటుంబంలో పుట్టిన డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. 1918లో అక్కడే ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టారామె. పునరావాస వైద్యం అనే మాట మన దేశంలో ఇంకా ఎవరికీ పెద్దగా తెలియని రోజుల్లో ఆ ఆసుపత్రి దానికి పునాది వేసింది.

పిడికిలిలో దొరికిన ఆధారం

డాక్టర్ పాల్ బ్రాండ్ తల్లిదండ్రులు ఆంగ్లేయులైనా ఆయన పుట్టింది తమిళనాడులోని కొల్లి కొండల్లో, 1914లో. లండన్‌లో సర్జన్‌గా శిక్షణ పూర్తిచేసి 1946లో వెల్లూరు వచ్చారు. మరుసటి ఏడాది చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రిని చూడటానికి వెళ్లారు. అక్కడ ఎవర్ని చూసినా ముడుచుకుపోయిన వేళ్లే. ఈ చేతులకి ఏమైంది, ఎందుకిలా అయ్యాయని అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఎముకలూ కండరాల నిపుణులెవరూ అప్పటిదాకా ఆ చేతుల్ని శ్రద్ధగా పరిశీలించలేదు మరి.

ఓ రోగి వంకరపోయిన వేళ్ల మధ్య తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నారు బ్రాండ్. పట్టు ఉండదనుకున్నారు. తీరా చూస్తే నొప్పితో ఆయనే కేకపెట్టాల్సినంత బిగువుగా ఉందా పట్టు! చెయ్యి చచ్చుబడిపోతే అంత బలం ఎక్కడిది? అంటే అన్ని కండరాలూ పోలేదన్నమాట. కొన్ని పోయాయి, కొన్ని నిక్షేపంలా ఉన్నాయి.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రోగుల చేతుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఏ వేలు కదులుతోంది, ఎక్కడ స్పర్శ ఉంది, ఎక్కడ లేదు అన్నీ రాసుకున్నారు. చనిపోయిన రోగికి పోస్టుమార్టం చేసే అవకాశం వచ్చినప్పుడు నరాలను మొదటి నుంచి చివరి దాకా విప్పి చూశారు. మోచేయి, మణికట్టు, మోకాలు, చీలమండ... నరం చర్మానికి దగ్గరగా వచ్చే చోటల్లా ఉబ్బి కనిపించింది. ఒంట్లో కాస్త చల్లగా ఉండే చోట్లు అవే. కుష్ఠు క్రిమికి చల్లదనమే ఇష్టం. అందుకే అరచేతిలోని చిన్న కండరాలకు వెళ్లే నరాలు దెబ్బతింటాయి. ముంజేతిలోని పెద్ద కండరాలు మాత్రం చాలావరకు బాగానే ఉంటాయి.

అలాంటప్పుడు ఆ మంచి కండరాల్లో ఒకదాని స్నాయువును తెచ్చి, పనిచేయని వేలికి కలిపితే? 1948లో వెల్లూరులో ఆ ఆపరేషన్ మొదలైంది. ఇక చెడిపోవడానికి ఏమీ మిగలని చేతినే ముందుగా ఎంచుకున్నారు. ఒకేసారి కాదు, విడతలు విడతలుగా చేశారు. ముడుచుకుపోయిన వేళ్లు తెరుచుకున్నాయి. ఫిజియోథెరపీతో కొత్త అమరికకు అలవాటుపడి, అన్నం కలుపుకోవడం మళ్లీ సాధ్యమైంది.

బాగైన చేతికి పనేది?

కథ ఇక్కడితో అయిపోతే అదో గొప్ప ఆపరేషన్‌గా మిగిలేది. కానీ చేతులు బాగైన కొందరు తిరిగొచ్చి వింత కష్టం చెప్పుకున్నారు. వంకర వేళ్లు చూపిస్తే బిచ్చమైనా పడేదట. ఇప్పుడు అదీ రావడంలేదు. కుష్ఠు వచ్చినవాడని తెలిసి పనీ ఎవరూ ఇవ్వడంలేదు. చెయ్యి బాగుపడితే చాలదు, మనిషి నిలబడాలి!

అలా 1951లో సీఎంసీ కళాశాల ఆవరణలోనే ‘నవజీవన కేంద్రం’ వెలిసింది. పల్లెటూరి గుడిసెల్లాంటి ఇళ్లు. రేపు ఊరికెళ్లి బతకాల్సినవాళ్లు అలాంటి వాతావరణంలోనే నేర్చుకోవాలన్నది ఆలోచన. ఆపరేషన్ అయిన కుర్రాళ్లు అక్కడే ఉండి వడ్రంగం, చెక్కబొమ్మల తయారీ నేర్చుకునేవారు. పేరుకది పునరావాస కేంద్రం. నిజానికి అదే డాక్టర్లకు దొరికిన అసలైన ల్యాబ్. ఎందుకంటే, రోగి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏం చేస్తున్నాడో వార్డులో కనిపించదు, అక్కడ కనిపించింది.

తుప్పుపట్టిన తాళం ఒకటి ఎంత తిప్పినా బ్రాండ్ చేతిలో తిరగలేదోసారి. పక్కనే ఉన్న బక్కపలచని పిల్లాడు తాళంచెవి అందుకుని ఒక్క తిప్పుతో తీసేశాడు. అంత బలం ఎలా వచ్చిందా అని వేలు చూస్తే చర్మం చీలి ఎముక కనిపిస్తోంది. పిల్లాడికి ఆ సంగతే తెలియదు. మనకైతే నొప్పి ‘ఇక చాలు’ అంటుంది. వాడికి అలా చెప్పేవాళ్లు లేరు.

అప్పటి నుంచి ప్రతి గాయానికీ లెక్క కట్టారు. రోజూ చేతులు, కాళ్లు పరీక్షించడం, కొత్త దెబ్బ కనిపిస్తే అది ఎలా తగిలిందో తేలేదాకా వదలకపోవడం. సుత్తి పిడిని అవసరానికి మించి బిగించి పట్టుకోవడం వల్ల ఒక పుండు. లాంతరు వత్తి తగ్గిస్తూ వేడి గాజుకి చెయ్యి ఆనించడం వల్ల ఇంకో బొబ్బ. పిడులు మార్చారు, వేడి వస్తువులకు గుడ్డ చుట్టారు. గాయాలు తగ్గాయి. అయినా ఒక చిక్కు వీడలేదు. రాత్రి బాగానే ఉన్న వేలు తెల్లారేసరికి కొంత మాయమయ్యేది. వేళ్లు రాలిపోతాయన్న పాత నమ్మకమే నిజమా? కాపలా కాస్తే అసలు దొంగ దొరికాడు... ఎలుక! నొప్పి తెలియని మనిషి నిద్రలో ఉండగా వేలు కొరికి వెళుతోంది. దీనికి ఏ మందు రాస్తారు? ఇంటికి వెళ్లే ప్రతి రోగికీ ఓ పిల్లిని ఇచ్చి పంపారు!

వినడానికి తమాషాగా ఉన్నా ఇందులో తేలిన సత్యం చాలా పెద్దది. కుష్ఠు వేళ్లను తినేయదు. నొప్పిని తీసేస్తుంది, అంతే. మిగతా నష్టమంతా దెబ్బలది. అంటే ఆపగలిగిన నష్టమే. కుష్ఠు రోగి గాయం కూడా విశ్రాంతినిస్తే అందరి గాయంలాగే మానుతుందనీ తేలింది.

చెప్పులే మందు

చేతుల తర్వాత పాదాల వంతు. పుండు మానిన రోగి ఇంటికి వెళ్లి నెల తిరక్కుండా అదే పుండుతో వచ్చేవాడు. మందు సరిపోలేదా? కాదు. స్పర్శ ఉన్నవాళ్లు నడిచేటప్పుడు తెలియకుండానే బరువును అటూ ఇటూ మార్చుకుంటారు. స్పర్శ లేనివాళ్లు ఒకే చోట అదేపనిగా ఒత్తిడి పెడతారు. ఒక్కసారి పడే పెద్ద దెబ్బ కన్నా వేలసార్లు పడే చిన్న ఒత్తిడే పాదాన్ని తొలిచేస్తుంది.

అందుకే పాదానికి గట్టి పిండికట్టు వేసి, బరువు పాదమంతా సమంగా పడేలా చేశారు. అంతకు ముందే కొందరు వైద్యులు వాడిన పద్ధతే అయినా ఇక్కడ కారణం తెలుసుకుని వాడారు. మానిన పాదానికి ఎలాంటి చెప్పు ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. మెత్తగా ఉండాలి, తొందరగా అణగకూడదు, మేకులు ఉండకూడదు. వెల్లూరుకు దగ్గర్లోని కరిగిరిలో 1955లో ఏర్పాటైన కుష్ఠు పరిశోధన కేంద్రంతో కలిసి చేసిన ఆ అన్వేషణ ఫలితమే మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు. ‘ఎంసీఆర్ చెప్పులు’గా మన ఊళ్లలోని కుష్ఠు రోగులకూ ప్రభుత్వం పంచిపెడుతున్నవి అవే.

చక్రాల కుర్చీలో సర్జన్

ఇదే ఆసుపత్రిలో మరో డాక్టర్ రోగిగా మారి కొత్త అధ్యాయం రాశారు. డాక్టర్ మేరీ వర్గీస్ కేరళ అమ్మాయి. సీఎంసీలోనే చదివి అక్కడే డాక్టరయ్యారు. 1954లో జరిగిన కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. ముఖం మీదా పెద్ద గాయం. ఇక వైద్యం చేయలేననుకున్న ఆమెకు బ్రాండ్ ఓ దారి చూపించారు. చేతి ఆపరేషన్లు ఎవరైనా కూర్చునే చేస్తారు కదా! మేరీ చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు.

అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలో తన పనులు తాను చేసుకోవడం నేర్చుకున్నారు. న్యూయార్క్‌లో పునరావాస వైద్యానికి ఆద్యుడనదగ్గ డాక్టర్ హోవార్డ్ రస్క్ దగ్గర శిక్షణ పొందారు. తిరిగొచ్చి సీఎంసీలో ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం ప్రారంభమైంది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు నెలల తరబడి అక్కడే ఉండి కూర్చోవడం, కుర్చీలోకి మారడం, మూత్రాశయాన్ని చూసుకోవడం నేర్చుకునేలా ఏర్పాట్లు చేశారు. 1972లో మేరీకి పద్మశ్రీ వచ్చింది. 1986లో ఆమె కన్నుమూశారు.

ఇక్కడా పాత పాఠమే పనికొచ్చింది. నడుము కింద స్పర్శ లేనివాళ్లు గంటలకొద్దీ ఒకేలా కూర్చుంటే పుండ్లు పడతాయి. కారణం కుష్ఠు పాదానిదే, ఒత్తిడి! అందుకే చేతులతో శరీరాన్ని మాటిమాటికీ పైకి లేపడం, అద్దం పెట్టి రోజూ చర్మం చూసుకోవడం నేర్పిస్తారు. ఇంటికి వెళ్లినవాళ్లను ‘రీహాబ్ మేళా’ పేరుతో మళ్లీ పిలిపించి పరీక్షలు చేసే సంప్రదాయమూ ఉంది. వాళ్లకు అది ఆటపాటల పండగ. డాక్టర్లకేమో తాము నేర్పింది ఇంటి దగ్గర ఎంతవరకూ పనికొచ్చిందో తెలుసుకునే అవకాశం.

అదే దారిలో ఇప్పుడు ఇంజినీర్లూ వార్డులోకి వచ్చారు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్లు ఒకే కదలికను వందలసార్లు సాధన చేయాలి. అంతసేపు పక్కనే కూర్చోవడం ఏ థెరపిస్టుకైనా కష్టమే. అందుకోసం సీఎంసీ, ఐఐటీ మద్రాసు కలిసి రూపొందించిన చిన్న రోబో పేరు ‘ప్లూటో’. ఒకే మోటారు, మార్చుకునే పిడులు. మణికట్టుకి ఒకటి, వేళ్లు తెరిచి మూయడానికి ఇంకొకటి.

వెల్లూరు నుంచి మన ఇంటికి

1966లో బ్రాండ్ అమెరికా వెళ్లి, లూసియానా రాష్ట్రం కార్విల్‌లోని కుష్ఠు ఆసుపత్రిలో చేరారు. మధుమేహ రోగుల పాదాల పుండ్లు అక్కడ ఆయన కంటపడ్డాయి. చూడగానే పాత పరిచయంలా అనిపించాయి. చక్కెర ఎక్కువై నరాలు మొద్దుబారితే జరిగేదీ ఇదే మరి! వెల్లూరు పాఠాలు మధుమేహ వైద్యంలోకి వచ్చాయి. పాదానికి అతుక్కున్నట్టుండే పిండికట్టు, ఒత్తిడిని పంచే చెప్పులు, రోజూ పాదాల పరీక్ష... నేటి డయాబెటిక్ ఫుట్ క్లినిక్కుల్లో చేసేవి ఇవే. పాదానికి నైలాన్ తీగ ఆనించి ‘తెలుస్తోందా?’ అని అడిగే పరీక్షకు కూడా 1980ల్లో కార్విల్‌లో జరిగిన అధ్యయనమే ఊతమిచ్చింది. బ్రాండ్ 2003లో మరణించారు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మనదేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. ఏ ఇంట్లో చూసినా తాతయ్యో, అమ్మమ్మో, నాన్నో ఆ జాబితాలో ఉంటారు. ఊరి బయటకు నెట్టేసిన మనుషుల చేతుల్నీ కాళ్లనీ ఒకరు ఓపిగ్గా పట్టుకుని చూడబట్టే ఇవాళ వాళ్ల పాదాలను కాపాడుకునే దారి మనకు తెలిసింది.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే...

* రోజూ రాత్రి పాదాలు, వేళ్ల మధ్య సందులు చూడాలి. అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకోవాలి, లేదా ఇంట్లోవాళ్లు చూడాలి.

* నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదనుకోవద్దు. నొప్పి లేని పుండే ప్రమాదకరం.

* ఒక పాదం కన్నా ఇంకో పాదం వేడిగా, ఎర్రగా ఉంటే డాక్టర్‌కి చూపించాలి.

* ఇంట్లోనూ చెప్పులతోనే నడవాలి. తొడిగేముందు లోపల రాయో, మేకో ఉందేమో చేత్తో తడిమి చూడాలి.

* వేణ్నీళ్ల కాపడం, హాట్‌వాటర్ బ్యాగు వద్దు. స్నానపు నీటి వేడిని ముందుగా మోచేత్తో చూసుకోవాలి.

* ఆనెకాయల్ని బ్లేడుతో కోసుకోకూడదు. ఏడాదికోసారైనా పాదాల్లో స్పర్శ పరీక్ష చేయించుకోవాలి.