నడక – మన ఒంట్లోనే ఉన్న మందు

“సిస్టర్, మోకాళ్ళు పట్టేశాయి. ముందు నొప్పి తగ్గనివ్వండి, తర్వాత నడుస్తాను.” మా ఓ.పి.కి వచ్చే తల్లులలో చాలామంది చెప్పే మాట ఇది. కొందరు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ళలు నెలల తరబడి వేసుకుంటూ ఉంటారు. అలా వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, బి.పి. పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. నొప్పిని తగ్గించే మందు కొంత దేవుడు మన శరీరంలోనే ఉంచాడు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

లోపల పుట్టే మార్ఫిన్

నల్లమందు నుండి తీసే మార్ఫిన్‌ను క్యాన్సర్ వంటి జబ్బులలో తీవ్రమైన నొప్పికి ఇస్తారు. మొక్కలో పుట్టిన మందు మనిషి మెదడుపై ఎందుకు పనిచేస్తుంది? 1975లో స్కాట్లాండులోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రవేత్తలు దీనికి జవాబు కనుగొన్నారు. మార్ఫిన్‌లా పనిచేసే పదార్థాలను మెదడు తానే తయారు చేసుకుంటుంది. ఈ జాతి పదార్థాలకే ‘ఎండార్ఫిన్లు’ అని పేరు. అంటే లోపల పుట్టిన మార్ఫిన్ అని అర్థం. వెన్నుపాములోను, మెదడులోను ఇవి నొప్పి కబురు తీవ్రతను తగ్గిస్తాయి.

ఆనందం పేరుతో మరొకటి

1992లో జెరూసలేములో రాఫెల్ మెషూలం ప్రయోగశాలలో మరో పదార్థం దొరికింది. దానికి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. మనం రోజూ పలికే ‘ఆనందం’ అనే మాట సంస్కృతం నుండి వచ్చినట్లే, ఈ పేరు కూడా అక్కడి నుండే వచ్చింది. కాస్త ఆయాసం వచ్చేలా వ్యాయామం చేస్తే రక్తంలో ఇది పెరుగుతుంది. రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి అంత తేలికగా వెళ్ళలేవు, ఆనందమైడ్ వెళ్ళగలదు. 2021లో జర్మనీలో పరుగెత్తేవారికి ఎండార్ఫిన్లను అడ్డుకునే మందు ఇచ్చి చూశారు. అయినా వారిలో ఉల్లాసం తగ్గలేదు. కాబట్టి వ్యాయామం తర్వాత మనసు తేలికపడటంలో ఆనందమైడ్ వంటి పదార్థాల పాత్ర ఎక్కువని ఇప్పుడు భావిస్తున్నారు.

కదలకపోతే ఏమవుతుంది?

నొప్పి అని కూర్చుంటే తొడ కండరాలు బలహీనపడతాయి. అప్పుడు బరువంతా మోకాలి కీలుపై పడి నొప్పి పెరుగుతుంది. ఇంట్లోనే ఉండిపోవడం వల్ల దిగులు, నిద్రలేమి వస్తాయి. నిద్రలేని మనిషికి అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. అందుకే కీళ్ళ అరుగుదలకు వ్యాయామం కూడా ముఖ్యమైన చికిత్సే.

“ఇంటి చాకిరీ అంతా నాదే, ఇంకా వ్యాయామమా?” అని అడుగుతారు. ఇంటిపని కూడా శ్రమే, కాదనము. కానీ పొయ్యి దగ్గర గంటలు నిలబడటం వేరు, చేతులు ఊపుతూ ఆగకుండా నడవడం వేరు. ఆ కాసేపు ఇంటి చింత కూడా దూరమవుతుంది.

ఎలా మొదలుపెట్టాలి?

• మొదటి వారం రోజుకు 5 నిమిషాలు చాలు. వారం వారం కొద్దిగా పెంచండి. వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం వంటి మధ్యస్థ వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంతకన్నా తక్కువైనా మేలే.
• మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం సరిపోతుంది.
• కుర్చీలో కూర్చుని కాలు చాపి 5 అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు.
• నడిచాక నొప్పి కాస్త పెరిగి మర్నాటికి తగ్గితే భయం లేదు. తగ్గకపోతే నడక సమయం తగ్గించండి.
• షుగర్ ఉన్నవారు మెత్తని చెప్పులు లేకుండా నడవకండి.

జాగ్రత్త!

గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం, కీలు ఎర్రగా వాచి జ్వరం రావడం, కాలు ఉన్నట్టుండి బలహీనపడటం వంటివి ఉంటే నడక ఆపి వెంటనే డాక్టరును కలవండి. గుండె జబ్బు ఉన్నవారు అడిగి మొదలుపెట్టండి. మనోవ్యాధికి మందులు వాడేవారు నడుస్తున్నాం కదా అని వాటిని మానకూడదు. “బ్రతకాలని లేదు” అని ఎవరైనా అంటే తేలికగా తీసుకోక, ఒంటరిగా వదలక, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

తల్లులారా, నొప్పి పూర్తిగా పోయే దాకా ఆగకండి. పక్కింటి అమ్మను తోడు పిలుచుకుని ఈ సాయంత్రమే వీధి చివరి దాకా వెళ్ళి రండి. దేవుడు మీకు ఆరోగ్యాన్ని, నెమ్మదిని అనుగ్రహించును గాక.