పుప్పొడి చెప్పే సాక్ష్యం

మేళ్లచెరువు నుండి పాలమూరు దాకా గల మెట్టలలో నేడు తుమ్మ, రేగు పొదలే ఎక్కువ. ఈ నేల వానలు తగ్గి ఇలా అయినదా, లేక మన గొడ్డలీ మన మందలూ చేసిన పనియా?

దీనికి జవాబు వెదికే మార్గాలలో పుప్పొడి పరిశోధన ఒకటి. ఉర్దూలో పుప్పొడిని ‘జరే గుల్’, అనగా పువ్వులోని బంగారం అంటారు. మగ ఖర్జూరపు పుప్పొడిని ఆడచెట్టుకు అంటించే అరబ్బుల పద్ధతి పాఠకులు ఎరిగినదే. ఈ రేణువు కంటికి ఆనదు గాని దాని పైపొర మిక్కిలి గట్టిది. గాలి సోకని తడి బురదలో వేల ఏండ్లు నిలుస్తుంది. బురదను పొరలవారీగా తీసి, సూక్ష్మదర్శినిలో రేణువులను లెక్కిస్తే, ఎప్పుడు చెట్లు తగ్గి గడ్డి పెరిగినదో తెలుస్తుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లెన్నార్ట్ వాన్ పోస్ట్ ఈ పద్ధతిని 1916లో వివరించాడు.

అయితే మెట్టలో రెండు చిక్కులున్నాయి. ఎర్రనేల ఏటా ఎండి, గాలి చొరబడి, పుప్పొడి నశిస్తుంది. పైగా కొర్ర, సామల పుప్పొడిని అడవిగడ్డి పుప్పొడి నుండి వేరుచేయటం కష్టం. ఉలవ, పెసరలు చాలావరకు తమ పువ్వులోనే ఫలదీకరణ పొందుతాయి. గాలిలోకి వదిలేది స్వల్పం. కనుక పైరు పుప్పొడి దొరకనంత మాత్రాన సేద్యమే లేదనటం పొరపాటు.

ఒక్క సాక్షితో తీర్పు చెప్పరాదు గదా! పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ త్రవ్విన బూడిదదిబ్బ, నాలుగువేల ఏండ్లకు పైబడిన పశువుల దొడ్లలో కాలిన పేడయని తేలింది. గిట్టల గుర్తులు కూడా కనిపించాయి. దక్కనులోని ఆ కాలపు ఇతర స్థలాలలో మాడిన ఉలవలు, పెసలు, అండుకొర్రలు లభించాయి.

మరొక సాక్షి సముద్రంలో ఉంది. గోదావరి ముఖానికి ఎదురుగా బంగాళాఖాతం అడుగు నుండి 2006లో తీసిన మట్టిస్తంభంలోని పుప్పొడినీ, ఆకుల మైనాన్నీ పరీక్షించారు. సుమారు 4000 ఏండ్ల క్రితం, మళ్లీ 1700 ఏండ్ల క్రితం నేల మరింత ఎండినదని 2012లో మైనం తెలిపింది. మొదట ఋతుపవనాలు బలహీనపడి మట్టి కొట్టుకుపోగా, తరువాత సేద్యం ఆ కోతను ఇంకా పెంచినదని 2017లో అదే స్తంభంపై వెలువడిన పరిశోధన నిర్ణయించింది. అనగా మొదటి కారణం వాన; ఆపై మన చేయి.

కాని మన మెట్టల నీరు చేరేది కృష్ణకు. గోదావరి సాక్ష్యం ఇక్కడికి యథాతథంగా వర్తించదు. మన సాక్ష్యం మన పాత చెరువుల అడుగునే వెదకాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక పొలాలకు తరలింది. రైతుకు అది మేలే. అయితే పూడిక ఎత్తే ముందు ఒక గొట్టమంత మట్టిని పొరలు చెదరకుండా భద్రపరిస్తే, రైతుకు నష్టమేమీ లేదు. చరిత్రకు మాత్రం ఒక సాక్షి మిగులుతాడు.