నల్ల ఓడలు తెచ్చిన కాగితం

1853వ సంవత్సరం. జులై 8వ తేదీ. జపాన్ దేశంలో ఉరగా అనే ఊరు. సముద్రం పక్కనే ఉంటుంది. ఆ రోజు సాయంత్రం నాలుగు పెద్ద ఓడలు వచ్చి ఊరి ముందర నిలబడ్డాయి. నల్లటి ఓడలు. వాటిలో రెండింటి గొట్టాల్లోంచి గుప్పుగుప్పున పొగ వస్తోంది. ఓడల నిండా ఫిరంగులు. ఒడ్డున జనం హడలిపోయారు. "నల్ల ఓడలు వచ్చాయి" అని కబురు ఊరూరా పాకింది.

ఆ ఓడలు అమెరికావి. వాటి నాయకుడి పేరు పెర్రీ. అమెరికా అధ్యక్షుడు రాసిన ఉత్తరం తెచ్చాడు. ఉత్తరంలో ఏముంది? తుపానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన మా వాళ్లను బాగా చూడండి. మా ఓడలకు బొగ్గు, నీళ్లు, తిండి అమ్మండి. మాతో వ్యాపారం చెయ్యండి. ఇవీ కోరికలు. జవాబు కోసం మళ్లీ వస్తాననీ, ఈసారి ఇంకా ఎక్కువ ఓడలతో వస్తాననీ చెప్పి పెర్రీ వెళ్లిపోయాడు. అడగడమైతే మర్యాదగానే అడిగాడు. కానీ ఫిరంగులు పక్కన పెట్టుకుని అడిగాడు.

అప్పుడు జపాన్‌లో సమురాయ్‌ల కాలం. సమురాయ్ అంటే నడుముకు రెండు కత్తులు కట్టుకునే వీరుడు. చక్రవర్తి క్యోటో నగరంలో ఉండేవాడు. ఆయనకు పేరే గానీ పెత్తనం లేదు. పెత్తనమంతా సమురాయ్‌ల పెద్ద చేతిలో ఉండేది. ఆయన్ని షోగన్ అనేవారు. ఎడో నగరం నుంచి పాలించేవాడు. ఆ ఎడోనే ఇప్పటి టోక్యో.

రెండు వందల ఏళ్లకు పైగా షోగన్లు పైదేశాల వాళ్లను దూరంగా పెట్టారు. తెల్లవాళ్లలో డచ్చివాళ్లను మాత్రమే రానిచ్చారు. మన మచిలీపట్నంలో కూడా ఒకప్పుడు వ్యాపారం చేసిన డచ్చివాళ్లే వీళ్లు. నాగసాకి రేవులో ఒక చిన్న లంక ఇచ్చి, అక్కడే ఉండమన్నారు. చైనా వర్తకులు కూడా నాగసాకికే రావాలి. అందుకే జపాన్‌లో కొద్దిమందికి డచ్చి భాష వచ్చు. ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఎంతో వెతికితే గానీ దొరకరు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు.

1854లో పెర్రీ అన్నంత పనీ చేశాడు. ఎక్కువ ఓడలతో వచ్చాడు. బహుమానాలు కూడా తెచ్చాడు. వాటిలో ఒక చిన్న రైలు ఉంది. బొమ్మ రైలు కంటే పెద్దది, అసలు రైలు కంటే చాలా చిన్నది. లోపల మనిషి పట్టడు. ఒక సమురాయ్ దాని కప్పు మీద ఎక్కి కూర్చుని గిరగిరా తిరిగాడు. చూసినవాళ్లంతా నవ్వుకున్నారు. నవ్వులు అయ్యాక ఒడంబడిక కాగితం బయటికి వచ్చింది.

అమెరికావాళ్ల మాటను ఒకరు డచ్చిలోకి మారుస్తారు. డచ్చి మాటను ఇంకొకరు జపాన్ భాషలోకి మారుస్తారు. ఇలా నోరు మారి నోరు మారి మాట నడిచింది. ఆ కాగితంలో ఒక షరతు ఉంది. అమెరికా తన అధికారిని జపాన్‌లో ఉంచడం గురించి అది. రెండు ప్రభుత్వాల్లో ఏ ఒక్కరు అవసరం అనుకున్నా ఉంచవచ్చు, అని ఇంగ్లీషు కాగితంలో ఉంది. రెండు ప్రభుత్వాలూ అవసరం అనుకుంటే ఉంచవచ్చు, అని జపాన్ కాగితంలో ఉంది. తేడా ఎంతుందో చూడండి!

1856లో హారిస్ అనే అధికారి షిమోదా రేవులో దిగాడు. "మేం రమ్మనలేదే!" అన్నారు జపాన్ అధికారులు. హారిస్ కదల్లేదు. ఒక గుడిలో మకాం పెట్టాడు. రెండేళ్లు పట్టు పట్టాడు. ఆ రోజుల్లో ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి చైనా మీద యుద్ధం చేస్తున్నాయి. రేపు వాళ్లు మీ మీదికి కూడా వస్తారు, అంతకన్నా ముందే నాతో ఒప్పందం చేసుకోండి, అని హారిస్ వాదించాడు. షోగన్ మంత్రి ఇయీ నవోసుకే చక్రవర్తి ఒప్పుకోక ముందే సంతకాలు చేయించాడు. అది 1858 జులై. ఆ ఏడాదే డచ్చివాళ్లు, రష్యా, ఇంగ్లండు, ఫ్రాన్సు కూడా అలాంటి కాగితాలే రాయించుకున్నాయి.

ఆ కాగితంలో ఏముంది? విదేశీయుడు జపాన్‌లో నేరం చేస్తే జపాన్ కోర్టు విచారించకూడదు. వాళ్ల అధికారే విచారిస్తాడు. బయటి సరుకు మీద సుంకం ఎంతో జపాన్ తనంత తాను మార్చకూడదు. 1872 తర్వాత మార్పులు అడగవచ్చు. కానీ అవతలివాళ్లు కూడా ఒప్పుకోవాలి.

సంతకం పెట్టింది ఓడ మీద. దాని దెబ్బ తగిలింది ఇళ్లల్లో. 1859లో రేవులు తెరిచారు. అప్పుడు జపాన్‌లో ఒక తులం బంగారానికి సుమారు ఐదు తులాల వెండి. బయటి దేశాల్లో అదే బంగారానికి సుమారు పదిహేను తులాల వెండి. వర్తకులు వెండి తెచ్చి బంగారు నాణేలు పట్టుకుపోయారు. ఒకటికి మూడు లాభం! ప్రభుత్వం నాణేలను మార్చింది. దాంతో డబ్బు విలువ పడిపోయింది. బియ్యం ధర పైపైకి పోయింది.

పట్టు సంగతి ఇంకో కథ. ఫ్రాన్సు, ఇటలీలలో పట్టుపురుగులకు రోగం వచ్చింది. అందరూ జపాన్ పట్టు కోసం ఎగబడ్డారు. పల్లెల్లో పురుగులు పెంచేదీ, నూలు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల నూలుకు మంచి ధర పలికింది. కానీ క్యోటోలో చీరెల్లాంటి పట్టుబట్టలు నేసే నేతగాళ్లకు నూలు దొరకలేదు. మగ్గాలు ఆగిపోయాయి. ఒకరికి కలిసి వచ్చింది, ఒకరికి అన్నం పోయింది.

ఆ ఏడాదే ఫుకుజావా యుకిచీ అనే యువకుడు యోకోహామా రేవుకు నడిచి వెళ్లాడు. పేద సమురాయ్ ఇంటివాడు. ఏళ్ల తరబడి కష్టపడి డచ్చి భాష నేర్చాడు. తీరా వెళ్లి చూస్తే, దుకాణాల మీద బోర్డులు చదవలేకపోయాడు. సీసాల మీద కాగితాలూ చదవలేకపోయాడు. అవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అంత చదివినవాడు అక్షరం రానివాడిలా నిలబడిపోయాడు. మనసు కుంగిపోయింది. మర్నాడే ఇంగ్లీషు మొదలుపెట్టాడు. 1860లో ఓడ ఎక్కి అమెరికా వెళ్లి, నిఘంటువు కొనుక్కుని వచ్చాడు. తర్వాత గొప్ప రచయిత అయ్యాడు.

ఈలోగా దేశం ఉడికిపోయింది. 1860 మార్చిలో కోట గుమ్మం దగ్గరే సమురాయ్‌లు మంత్రి ఇయీని నరికి చంపారు. విదేశీయుల మీద దాడులు జరిగాయి. బదులుగా ఓడలు వచ్చి ఊళ్ల మీద గుళ్లు కురిపించాయి. 1866లో సుంకం ఇంకా తగ్గించి, చాలా సరుకుల మీద నూటికి ఐదు చేశారు. 1868లో షోగన్ల పాలన పోయింది. పాలన పోయింది గానీ, వాళ్లు రాసిన కాగితం పోలేదు!

కొత్త ప్రభుత్వం 1871లో పెద్ద బృందాన్ని అమెరికాకు పంపింది. ఒడంబడిక మార్చమని అడిగారు. మీకు సంతకం చేసే అధికారం ఇచ్చిన పత్రం ఏదీ, అన్నారు అమెరికావాళ్లు. అది తేలేదు! ఇద్దరు సముద్రం దాటి వెనక్కి వెళ్లి తెచ్చారు. అయినా పని కాలేదు.

ఆ ఓడలోనే ఐదుగురు ఆడపిల్లలు చదువు కోసం వెళ్లారు. అందరిలో చిన్నది త్సుదా ఉమెకో. ఆరేళ్ల పిల్ల. ఆ వయసు పిల్లను అంత దూరం పంపడానికి ఆ తల్లి మనసు ఎలా ఒప్పిందో! ఉమెకో 1882లో తిరిగి వచ్చింది. అప్పటికి సొంత భాషే మరిచిపోయింది. మళ్లీ నేర్చుకుంది. 1900లో టోక్యోలో ఆడపిల్లల కోసం బడి పెట్టింది. అది ఇప్పుడు విశ్వవిద్యాలయం.

ఒడంబడిక మాటేమయింది? 1894లో ఇంగ్లండు మొదట దిగివచ్చింది. 1899 నుంచి విదేశీయుల నేరాలను జపాన్ కోర్టులే విచారించాయి. సుంకం తానే నిర్ణయించుకునే హక్కు మాత్రం 1911లో గానీ చేతికి రాలేదు. హారిస్ కాగితం మీద సంతకం పడి అప్పటికి 53 ఏళ్లు.