సూపర్‌మేన్ కథలలో అతిశక్తి సమస్య

సూపర్‌మేన్ అమెరికా కామిక్ పుస్తకాలలోని ఒక ప్రసిద్ధ కల్పిత పాత్ర. రచయిత జెర్రీ సీగెల్, చిత్రకారుడు జో షుస్టర్ సృష్టించిన ఈ పాత్ర 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో తొలిసారిగా కనిపించింది. ఓటమి ఎరుగని నాయకునితో ఆసక్తికరమైన కథను నడపడం ఎలా అన్న ప్రశ్న ఈ పాత్రను మలచిన రచయితలందరికీ ఎదురైంది.

సమస్య స్వరూపం

కథకు ప్రాణం సంఘర్షణ. నాయకుని కోరికకు, దాని సిద్ధికి నడుమ బలమైన అడ్డంకి ఉన్నప్పుడే పాఠకునిలో ఉత్కంఠ కలుగుతుంది. తొలి కథలలో సూపర్‌మేన్ ఎగరలేడు. మైలులో ఎనిమిదో వంతు దూరం మాత్రమే దూకగలడు. కాలక్రమేణా ఎగరడం, కంటిచూపుతో వేడిని పుట్టించడం వంటి శక్తులు చేరాయి. 1960ల నాటికి అతడు గ్రహాలను కదిలించి, కాలంలో ప్రయాణించగల స్థాయికి చేరాడు. అటువంటి వానికి తుపాకులు, దొంగలు అడ్డంకులు కాజాలవు.

రచయితలు అనుసరించిన మార్గాలు

* బలహీనతను కల్పించడం: సూపర్‌మేన్ శక్తిని హరించే క్రిప్టోనైట్ అనే ఖనిజం 1943లో రేడియో ధారావాహికలోను, 1949లో కామిక్స్‌లోను ప్రవేశించింది. అయితే పదేపదే వాడటం వలన ఇటువంటి ఉపాయం పదును కోల్పోతుంది.
* శక్తిని తగ్గించడం: 1971లో డెన్నిస్ ఓనీల్, 1986లో జాన్ బర్న్ తమ కథలలో సూపర్‌మేన్ శక్తులకు పరిమితులు విధించారు.
* సమాన ప్రత్యర్థిని నిలపడం: 1992లో డూమ్స్‌డే అనే రాక్షసునితో పోరులో సూపర్‌మేన్ మరణించినట్లు చిత్రించారు. 1993లో అతడు తిరిగి రావడంతో, తరువాతి కథలలో మరణభయానికి విలువ తగ్గింది.
* బలంతో తీరని కష్టాన్ని తేవడం: ఈ మార్గంలో శక్తిని తగ్గించనవసరం లేదు. ఇది అన్నిటికంటె ఫలవంతమైనది.

బలానికి లొంగని కష్టాలు

1978 నాటి సూపర్‌మేన్ చలనచిత్రంలో పెంపుడు తండ్రి గుండెపోటుతో మరణిస్తాడు. ఇన్ని శక్తులుండీ తండ్రిని కాపాడుకోలేకపోయానన్న కుమారుని వేదన ప్రేక్షకునికి తనదిగా తోస్తుంది. అదే చిత్రం చివర అతడు కాలాన్ని వెనుకకు మరల్చి మరణించిన ప్రియురాలిని బ్రతికించుకుంటాడు. ఏ నష్టమైనా తిరిగి పూడ్చుకోగలిగినప్పుడు దుఃఖానికి బరువుండదు.

అలాన్ మూర్ 1985లో వ్రాసిన ఒక కథలో, ఒక మొక్క సూపర్‌మేన్‌ను సుఖస్వప్నంలో బంధిస్తుంది. నాశనమైన తన గ్రహం అందులో సజీవంగా ఉంటుంది. భార్య, బిడ్డలు ఉంటారు. విముక్తి పొందాలంటే ఆ బిడ్డను తానే వదులుకోవాలి. 2005-2008 మధ్య వెలువడిన ఆల్-స్టార్ సూపర్‌మేన్‌లో గ్రాంట్ మోరిసన్ నాయకుని శక్తిని మరింత పెంచి, ఆయువును తగ్గించారు. మిగిలిన కొద్దికాలంలో ఏమి చేయాలన్నదే అక్కడి ప్రశ్న.

తెలుగులో

1980లో ఎన్.టి.రామారావు కథానాయకునిగా సూపర్‌మేన్ అనే తెలుగు చిత్రం వచ్చింది. ఇందులో నాయకునికి శక్తులు ఆంజనేయుని వరం వలన లభిస్తాయి. ఆ ఆంజనేయుని కథలోనే ఈ సమస్యకు ఒక ప్రాచీన పరిష్కారం కనిపిస్తుంది. రామాయణంలో హనుమంతుడు శాపవశాన తన బలాన్ని తాను ఎరుగడు. సముద్రతీరాన జాంబవంతుడు గుర్తుచేసిన తరువాతనే లంకకు లంఘిస్తాడు. శక్తి అపారమైనదే అయినా, అవసరమైన ఘడియ వరకు అది మరుగున ఉండటం వలన కథకు ఉత్కంఠ చేకూరింది.