‘ఇంట్రెస్టెడ్’ అని టైప్ చేసే ముందు...

సిటీ సెంట్రల్ లైబ్రరీలో కష్టపడి సీటు పట్టారు. ఫోన్ సైలెంట్‌లో ఉంది. టీ బ్రేక్‌లో చూస్తే మిమ్మల్ని ఎవరో టెలిగ్రామ్ గ్రూపులో చేర్చేశారు. ‘పార్ట్‌టైమ్ జాబ్.. రేటింగ్ ఇస్తే చాలు.. రోజూ ఆదాయం’. హాస్టల్ ఫీజు కట్టాల్సిన నెలాఖరులో ఇలాంటి మెసేజ్ చూస్తే ఎవరికైనా చెయ్యి లాగుతుంది.

2023లో చిక్కడపల్లి వాసి ఒకరికి ఇలాగే టెలిగ్రామ్‌లో ‘రేట్ అండ్ రివ్యూ’ పని వచ్చింది. రూ.1,000 పెట్టి ఫైవ్ స్టార్ రేటింగులు ఇస్తే రూ.866 లాభం వచ్చింది. తర్వాత రూ.25 వేలకు రూ.20 వేలు లాభం చూపించారు కానీ తీసుకోనివ్వలేదు. చివరికి పోయింది రూ.28 లక్షలు. ఆ ఫిర్యాదు తీగ లాగితే హైదరాబాద్ పోలీసులకు దేశమంతా అల్లుకున్న రూ.712 కోట్ల మోసం బయటపడింది. నన్నడిగితే ఇందులో అసలు ప్రమాదం ఆ రూ.866. నమ్మకం కుదిరింది అక్కడే!

మరి బాట్ పనేంటి? జల్లెడ పట్టడం. ఒకే మెసేజ్‌ను వేలమందికి పంపుతుంది. బదులిచ్చిన వాళ్లను మనుషులు అందుకుంటారు. కాబట్టి తిట్టినా, ‘స్టాప్’ అన్నా మీ అకౌంట్ వాడకంలో ఉందని చెప్పినట్టే. (బాట్‌ను ఆటపట్టించి స్క్రీన్‌షాట్లు పెట్టే ఫ్రెండ్ నారాయణగూడ హాస్టళ్లలో రూముకొకడు ఉంటాడు. వాడికీ చెప్పండి.)

బదులివ్వకుండానే బాట్‌ను పట్టుకోవచ్చు. నోటిఫికేషన్ పోస్టు కింద ‘ఈ మేడమ్ వల్లే సంపాదిస్తున్నా’ అనే వాక్యం నాలుగు పేర్లతో కనిపిస్తే అది బాటే. ఇన్‌స్టాలో ‘అబౌట్ దిస్ అకౌంట్’ నొక్కితే ఎప్పుడు చేరారో తెలుస్తుంది. భాషలో తప్పులు వెతికే చిట్కా మాత్రం పాతబడింది. ఏఐ పుణ్యమా అని బాట్లూ శుభ్రమైన తెలుగు రాస్తున్నాయి. జీతం ఇచ్చేవాడు ముందుగా డబ్బు అడుగుతున్నాడా, అదే చూడండి. టెలిగ్రామ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో గ్రూపుల్లో చేర్చే అవకాశాన్ని ‘మై కాంటాక్ట్స్’కే పరిమితం చేయండి.

‘మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వండి, కమిషన్ ఇస్తాం’ అనేది ఇంకో వల. దోచిన డబ్బు తిరిగేది ఇలాంటి ఖాతాల్లోనే. అశోక్‌నగర్‌లో ఏళ్ల తరబడి గ్రూప్స్‌కు చదివి, అటెస్టేషన్ ఫారంలో పోలీసు కేసు రాసుకోవాల్సి వస్తే?

ఇప్పటికే డబ్బు పంపారా? ఇంట్లో తిడతారని తెల్లారేదాకా ఆగొద్దు. డబ్బు ఖాతాలు మారేలోపే 1930కి ఫోన్ చేయండి. చాట్ డిలీట్ చేయకండి, యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి.